నాకు తెలుగు రాదన్నాను

ఏడేండ్లుగా ఒక ఆడపిల్ల గొంతును మోస్తున్నాను. సంచిలో ఉన్న బరువైతే ఎక్కడో ఒకచోట దించి పెట్టేవాణ్ణి. ఇది చెవిలో ఉంది. నా పేరు రాయను, మీరూ అడగొద్దు. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేండ్లు పట్టేదా?

మా చర్చిలో ప్రతి ఆదివారం పాపాలు ఒప్పుకుంటాం. అందరం లేచి నిలబడి, అచ్చు వేసిన మాటలను ఒకే గొంతుతో చదువుతాం. అందరూ ఒక్కసారి చెబితే ఎవరి పాపం వాళ్ళకే వినపడదు. ఆ ఏర్పాటు నాకు బాగా కుదిరింది. దాని చాటునే ఇన్నాళ్ళు గడిపాను. ఇది మాత్రం ఒక్కణ్ణే చెప్పాల్సిన సంగతి.

ఇల్లు బళ్ళారిలో, సత్యనారాయణపేటలో. కుడతిని కరెంటు ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఊరంతటికీ వెలుగిచ్చి నేను నిద్రకు మొహం వాచిన మనిషిని. ఇక మిగిలిన ఆశ ఒక్కటే. మధ్యాహ్నం అన్నం తిని, ఫ్యాను కింద, ఎవరూ లేపకుండా రెండు గంటలు పడుకోవాలి. సరిగ్గా ఆ వేళకే ఫోన్లు మొదలయ్యాయి.

ప్లాటు కావాలా, పాలసీ కావాలా, నీళ్ళు శుద్ధి చేసే ఫిల్టర్ కావాలా. కొళాయి వారానికోసారి వచ్చే ఊరు మాది. ముందు నీళ్ళు తెప్పించండి, తరువాత ఫిల్టర్ సంగతి చూద్దాం అన్నాను. వద్దన్నాను. నంబరు తీసేయమన్నాను. మరునాడు ఇంకో నంబరు నుంచి ఇంకో గొంతు. కాల్ అనే మాటకు నాకు తెలిసిన అర్థాలు రెండే. లేచి నడవాల్సిన కాలు ఒకటి, ఒళ్ళంతా కాలడం ఇంకొకటి. రెండూ రోజూ జరిగేవి.

పోను పోను అది యుద్ధమైంది. యుద్ధమైతే ఫరవాలేదు, నాకది సరదా అయింది. ఫోను చేసినవాళ్ళను ఆడించడం నేర్చుకున్నాను. పావుగంట సేపు అన్నీ విని, చివర్లో నాకు చెవుడు అనేవాణ్ణి. ఇంటి యజమాని పోయాడు, నేను ఆయన ఫోటోను మాట్లాడుతున్నాను అనేవాణ్ణి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర ఈ కథలన్నీ చెబితే జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కోసం వారమంతా సరుకు పోగేసేవాణ్ణి. అమ్మేవాళ్ళకంటే నేనే పెద్ద వ్యాపారి.

ఆ పిల్ల ఆ రోజుల్లో ఫోన్ చేసింది. స్నేహ అని చెప్పుకుంది. మొదట కన్నడంలో మొదలుపెట్టి, నేను తెలుగులో పలకగానే తెలుగుకు మారింది. బట్టీపట్టిన తెలుగు. "మీ ఇంట్లో మంచినీటి నాణ్యత గురించి" అంటూ ప్రతి మాటనూ గాజు గ్లాసు పట్టుకున్నట్టు జాగ్రత్తగా పట్టుకుంటోంది. నీళ్ళు అనబోయి "నీల్లు" అంది. నాకు దొరికింది. నీళ్ళు అనడం రానిదానివి నీళ్ళ మిషన్ ఏం అమ్ముతావు అన్నాను. పదిసార్లు అనిపించాను. అన్నది. నవ్వలేదు, పెట్టేయలేదు. పెట్టేస్తే వాళ్ళకు మార్కులు పోతాయని నాకు తెలుసు. తెలిసే సాగదీశాను.

తరువాత ఇంకో మాట అన్నాను. మీ అమ్మ నంబరు ఇయ్యి, ఆమె అన్నం తినే వేళకు ఫోన్ చేసి కూతుర్ని ఇట్లా ఇండ్ల మీదికి తోలడానికేనా కన్నావు అని అడుగుతాను అన్నాను.

గాజు గ్లాసు జారింది.

"ఏందప్పా, అట్లంటాండావు? పొట్ట కోసరం చేస్తాండాము. మా నాయిన వయసుండాది నీకి."

అది తిట్టు కాదు. మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా చిన్నమ్మ కోపమొస్తే ఇట్లాగే అనేది. అప్పా అన్నాక ఆ వెనక నువ్వు ఉన్నా నీకి ఉన్నా, అందులో ఉండేది చనువు, చనువు నిండా మర్యాద. మీరు అని దూరం పెట్టడం కంటే పెద్ద మర్యాద. ఆ ఒక్క క్షణం నా సొంతింటి గడప మీద ఎవరో కూర్చుని మాట్లాడినట్టుంది. మనసు కరగాలి కదా? కరగలేదు. ఇంకా మండింది. ఎందుకు?

ఉద్యోగం కొత్తలో నన్ను ట్రైనింగుకని కోస్తా వైపు పంపారు. మొదటిరోజే మెస్సులో "సాంబారుండాదా?" అని అడిగాను. అంతే, అక్కడున్న మూడు నెలలూ నా పేరు ఉండాది గారు. "ఉండాది గారు ఉన్నారా?" అని గది తలుపు కొట్టేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వుతూ నవ్వుతూ నా తెలుగును విప్పి మడిచి పెట్టెలో పెట్టి, వాళ్ళ తెలుగు తొడుక్కుని వచ్చాను. అప్పటినుంచి పెద్దమనుషులతో మాట్లాడేటప్పుడు నా మాటకు అండీలు కుట్టుకుంటున్నాను. ఈ పిల్ల ఒక్క మాటతో ఆ కుట్లు లాగేసింది. అందుకే మండింది. ఇది నాకు అర్థమవడానికి చాలా ఏండ్లు పట్టింది. అర్థమైతే తప్పు తగ్గుతుందా? తగ్గలేదు. దాని పేరు తెలిసింది, అంతే.

ఆ మంటలోనే ఫోన్ పెట్టేసి, ఆ కంపెనీకి ఫిర్యాదు చేశాను. వేళాపాళా లేకుండా ఫోన్లు చేస్తున్నారని మాత్రమే చేశాను. రెండ్రోజులకు అక్కడి పెద్ద ఎవరో మాట్లాడారు. హైదరాబాదు మాట, నిండా మర్యాద. కాల్ రికార్డింగ్ విన్నామని, ఆ అమ్మాయి నన్ను ఏకవచనంలో సంబోధించినట్టుందని, ఏందప్పా అన్నదని చెప్పారు. చెప్పి, ఆగి, ఆయనే అడిగారు. మీ ప్రాంతంలో పెద్దవాళ్ళతో ఇట్లా మాట్లాడడం మామూలేనా, లేక మీకు అమర్యాదగా తోచిందా అని.

చూశారా, ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు. నేను చేయాల్సిందల్లా అవును మామూలే అనడం. అరక్షణం పని.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి నా భార్య రూతు, "ఎవరప్పా ఫోన్లో?" అని కేకేసింది.

అరచేత్తో ఫోను మూశాను. గట్టిగా మూశాను, దొంగసొమ్ము దాచినట్టు. ఆమె ఊరుకున్నాక చేయి తీసి, నా దగ్గరున్న తెలుగులన్నిటిలోకీ మంచి తెలుగు ఏరి చెప్పాను. మా ఇంట్లో అలాంటి భాష లేదండీ, చాలా బాధ కలిగిందండీ అన్నాను. ఆయన క్షమాపణ చెప్పారు. తగిన చర్య తీసుకుంటామన్నారు. సంతోషమండీ అన్నాను. ఫిల్టర్ వద్దన్నవాణ్ణి, నా నోటికి మాత్రం అంత పెద్ద ఫిల్టర్ బిగించుకున్నాను. మాట శుభ్రంగా వచ్చింది. నిజం లోపలే మిగిలిపోయింది.

మర్నాడు హాయిగా పడుకున్నాను. ఇది కూడా చెప్పాలి. నిజంగానే హాయిగా నిద్రపట్టింది.

వారం తిరక్కముందే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తాను.

"అప్పా, నేను. ఆ పొద్దు నీళ్ళ మిషన్ గురించి మాట్లాడినా గదా, స్నేహ అని. నా పేరు స్నేహ కాదప్పా, హులిగమ్మ. మాది కెంచనగుడ్డ."

పెట్టేయబోయాను.

"పెట్టేయద్దప్పా, ఏమీ అమ్మను. నన్ను పనిలో నుంచి తీసేసినారు, మర్యాద తప్పినానని. నువ్వు బళ్ళారి ఆయప్పవే గదా, నీకి తెలుసు గదా, మన కాడ అది మర్యాదే అని. ఆ ఒక్క మాట నువ్వు వాళ్ళకి చెప్తే మళ్ళా తీసుకుంటామన్నారు. శనివారం లోగా చెప్పల్ల. ఇంట్లో నా ఒక్కదాని పని మీదే నడుస్తాండాదప్పా."

మీరైతే ఏమనేవాళ్ళు? తిట్టినా సరిపోయేది. కుదరదమ్మా అన్నా మనిషి మాటే. నేను కన్నడంలో అన్నాను:

"ననగె తెలుగు బరల్లమ్మా."

నాకు తెలుగు రాదమ్మా. అదీ నేనన్నది. ఆమె నంబరు తప్పు పడిందనుకుని పెట్టేస్తుందని నా లెక్క. పిచ్చి లెక్క. మా జిల్లాలోని కెంచనగుడ్డ పిల్లకు కన్నడం రాదా? నాకంటే బాగా వచ్చు. వెనక బస్సు కండక్టరు ఊర్ల పేర్లు అరుస్తున్నది వినిపిస్తోంది. తరువాత ఆమె మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పింది, ఈసారి కన్నడంలో. నా గొంతు గుర్తుపట్టింది. నేను గుర్తుపట్టానని కూడా ఆమెకు తెలుసు. అయినా నేను చెప్పిన అబద్ధానికి మర్యాద ఇచ్చి, నాకు తెలుగు రాదన్నట్టే, పేరుతో సహా, ఊరితో సహా, శనివారంతో సహా చెప్పింది. అప్పా అన్న మాట ఒక్కటే మార్చలేదు. మార్చే పని లేదు. కన్నడంలో దానికి నాయన అని అర్థం.

నేను పెట్టేశాను. ఆ నంబరు బ్లాక్ చేశాను. కన్నడంలో ఎవరితో మాట్లాడావని రూతు అడిగింది. ఏదో కంపెనీ పిల్ల, ఆమెకు తెలుగు రాదు అన్నాను. ఒకే అబద్ధాన్ని ఇటు తిప్పి అటు తిప్పి రెండుసార్లు వాడుకున్నాను.

శనివారం వచ్చింది, పోయింది. ఆ రోజు మంచం మీద ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. హైదరాబాదాయన నంబరు అందులోనే ఉంది. చేస్తే ఏమవుతుంది? ఏముందండీ, మొన్న అబద్ధం చెప్పాను అనాలి. ఆ ఒక్క వాక్యం అనలేక ఒక మనిషి కూటిని కాలదన్నాను. ఆమె పని పోయినా ఫరవాలేదు, ముఖమైనా చూడని ఆ పెద్దమనిషి దగ్గర నా అండీ పోకూడదు. ఏకవచనం అని ఆయన ఆమెను తప్పుబట్టాడు. ఒకే మాట మీద నిలబడడం కూడా ఏకవచనమే కదా. అది నాకు రాలేదు.

రెండేండ్ల తరువాత ధైర్యం చేసి, నేను బ్లాక్ చేసిన ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో మగమనిషి ఎత్తాడు. హులిగమ్మ ఉందా అన్నాను. నేనేదో అమ్మడానికి చేశాననుకున్నాడు పాపం. నక్కో నక్కో, మాకేమీ వద్దు అని పెట్టేశాడు. బస్టాండుకు రెండుసార్లు పోయాను. కెంచనగుడ్డ వైపు పోయే బస్సు ముందర నిలబడి టీ తాగి ఇంటికొచ్చాను. ఎక్కి పోయి ఏం చెప్తాను? పోయిన పనిని సంచిలో పెట్టుకుపోయి ఇస్తానా? ఇవన్నీ సాకులని నాకు తెలుసు. తెలిసి కూడా టీ తాగి వచ్చాను.

చర్చి గేటు దగ్గర ఈ ఒక్క ఫోను కథ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను. క్షమించమని కాదు, ఆ అధికారం మీది కాదు. ఆమె యాడుండాదో నాకు తెలియదు. మీకు చెప్తే ఆమె పని ఆమెకు తిరిగి రాదు. కానీ ఆ శనివారం లోగా చెప్పాల్సిన మాట ఎవరో ఒకరితో అనకుండా ఇంక ఉండలేను. కుట్లు లేకుండా, నా తెలుగులోనే చెప్తాండా.

ఆ పాప నన్ను ఏమీ అనలేదప్పా. మా కాడ పెద్దోళ్ళతో అట్లనే మాట్లాడతాము. మా ఇంట్లో ఉండాది ఆ బాసే. అబద్దం చెప్పింది నేను.