తుడిచేసిన ప్లగ్గు

మా బావ పోయి నెల దాటింది. మొన్న నా వ్యానుకు గేర్ ఆయిల్ మార్పించడానికి గరివిడిలో ఒక షెడ్డుకు వెళితే, అక్కడి మెకానిక్ వెనక ఇరుసు కింద ప్లగ్గు విప్పి, కారిన ఆయిల్‌ను తిన్నగా డ్రమ్ములోకి పోనిచ్చి, ప్లగ్గును గుడ్డతో తుడిచి మళ్లీ బిగించేశాడు. ఆ ఆయిల్ వంక ఎవరూ చూడలేదు.

లారీలతో బతికిన నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పాత ఆయిల్‌ను పారబోసే ముందు చూడడం కూడా ఒక పనే. మా అక్క భర్త అయిన ఆ బావా నేనూ కలిసి ఒక లారీ నడిపేవాళ్లం. నౌపడలో ఉప్పు ఎత్తి పాతపట్నం చేర్చేవాళ్లం. వెనక ఇరుసులోని డిఫరెన్షియల్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ బావ దాన్ని పింగాణీ పళ్లెంలో పట్టి, ఎండలో అటూ ఇటూ వంచి, వాసన చూసి, వేళ్ల మధ్య నలిపి, పాలలా ఉంటే నీళ్లు చేరాయనీ, మాడు వాసన వస్తే లోపల వేడెక్కిందనీ చెప్పేవాడు. అన్నిటికంటే ముఖ్యం ప్లగ్గు చివరి అయస్కాంతం. లోపలి పళ్లచక్రాల నుంచి రాలిన ఇనుమంతా దానికే అంటుకుంటుంది. మెత్తటి బూడిదలా ఉంటే మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకుంటే పళ్లు విరుగుతున్నాయని అర్థం. "బూడిదొస్తే బయపడకు, ముల్లొస్తే బండి కదపకు" అనేవాడు.

నాకేమో చేతికి మురికి అంటితే పడదు. "ఒరే, మడి కట్టుకొని ప్లగ్గిప్పుతావేటి?" అని బావ నలుగురిలో ఏడిపించేవాడు.

ఒక ఉదయం నౌపడలో ఆయన టీకొట్టు దగ్గర ఉండగా ఆయిల్ నేనే మార్చాను. పాతది గోతిలో పోసేసి, అలవాటుకొద్దీ చూడకుండానే ప్లగ్గు తుడిచేశాను. గుడ్డలోంచి ఏదో గుచ్చుకుంది. లేతు షాపు నుంచి తెచ్చిన గుడ్డ కదా, దానిలోని ఇనప రజనేమో అనుకుని పారేశాను. బావ వచ్చాడు.

"ఏటిరా, మేగ్నెట్ మీద ఏటున్నాది?"

"బూడిదే బావా."

"సూసినావా, తుడిసీసినావా?"

"సూసినాను."

"అయితే ఎండెక్కకముందే ఎలిపోతాను."

తుడిచేశానని చెబితే రెండు రోజులు నవ్వేవాడు, అంతే. ఆ నవ్వు తప్పించుకోవడానికి అన్న మాట అది.

ఉప్పు ఎత్తించుకుని ఆయనొక్కడే బయలుదేరాడు. పాతపట్నం చేరకముందే పళ్లచక్రం విరిగి వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. లోడుతో లారీ పొలంలోకి ఒరిగింది. బావ కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

ఆస్పత్రిలోనూ తర్వాత ఊళ్లోనూ ఎవరు అడిగినా ఆయనది ఒకటే మాట. "మా బామ్మర్ది సూసినాడు. ఆయిల్లో ఏటీ నేదు. నా గాచారం." నన్ను ఎవరూ ఒక్క మాట అనకుండా ముప్పై ఏళ్లు అలా అడ్డం నిలబడ్డాడు. చెబుదామని ఎన్నోసార్లు వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. టీ తాగి లేచి వచ్చేశాను.

బావ పోయిన పదోరోజు భోజనాల దగ్గర అక్క ఎవరితోనో అదే చెబుతోంది. "నా తమ్ముడు సూసే పంపినాడమ్మా. రాత అలాగున్నాది." నేను అన్నం వడ్డిస్తున్నాను. పక్క విస్తరి దగ్గరికి జరిగాను. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు ఇన్ని కిలోమీటర్లకని ఆయిల్ మార్చేస్తారు, అద్దం కింద ఎర్రదీపం వెలిగితే బండి ఆపేస్తారు. అది మంచిదే. ఒక మనిషి నోటిమాట నమ్మి ఇంకో మనిషి స్టీరింగు పట్టుకోవలసిన అవసరం చాలావరకు తప్పింది. ఆ రోజులు పోయినందుకు బాధపడాలో లేదో నాకు తెలియడం లేదు. నేను చెప్పింది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. బావ ఉన్నప్పుడూ నేనొక్కణ్ణే. అయితే అప్పుడు చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు.