నర్సమ్మ గొంతు, సుబ్బమ్మ రోలు

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున నర్సమ్మకు గొంతు పోయింది.

అది 1999. మాదాపూర్‌లో లేస్తున్న ఒక ఆఫీసు భవనం పైఅంతస్తులో ఆమె స్లాబులు తడుపుతుంది. నీళ్లు నిండగానే కింద మోటారు దగ్గరున్న మనిషికి వినబడేలా "బంద్ చెయ్" అని కేకేయాలి. మేస్త్రీ నడుముకు కొత్తగా సెల్‌ఫోన్ వచ్చింది గానీ, మోటారుకు మాత్రం నర్సమ్మ గొంతే దిక్కు.

సాయంత్రం కూలీల గుడిసెల ముందు బతుకమ్మ ఆడాలి. వచ్చే ఆడవాళ్లు తలో జిల్లా వాళ్లు, ఒక్కొక్కరి పాట ఒక్కో తీరు. ముందు నర్సమ్మ ఎత్తుకుంటేనే వాళ్లంతా కలిసి పాడగలరు. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి పనికి వచ్చిన ఈ మనిషి ఇంటింటికీ తిరిగి, మొదటిసారి అందరినీ ఒక్క చోట ఆడటానికి ఒప్పించింది. తీరా ఆ రోజే గొంతు పోయింది.

పని ఎక్కేముందు సుబ్బమ్మ మెస్సు దగ్గర ఆగింది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన సుబ్బమ్మ సైటు పక్కన రేకుల షెడ్డులో కూలీలకూ, కంప్యూటర్ కుర్రాళ్లకూ అన్నం పెడుతుంది.

"ఏమే, పలకవు? మీ ఆయన నోరు కుట్టేసినాడా?"

నర్సమ్మ గొంతు చూపించింది. నుదుటి మీది ఎర్ర బొట్టు తాకి, నల్లటి జడ తాకి, ఏదో నమిలినట్టు దవడలు ఆడించింది.

"ఎరుపు, నలుపు... గురిగింజనా?"

నర్సమ్మ సంతోషంగా తల ఊపింది. వాళ్ల ఊళ్లో గురివింద తీగ, ఆకు, గింజ, అన్నీ గురిగింజే. సుబ్బమ్మకు మాత్రం గురిగింజంటే గింజే.

"గొంతుకు మందా? నువ్వు పో, నేను చేసిపెడతా."

నర్సమ్మ పైకెళ్లి, బకెట్‌ను రాయితో కొట్టి మోటారు ఆపిస్తూ పని నెట్టుకొచ్చింది. కింద సుబ్బమ్మ వామనగుంటల పీటలో ఆడే గురిగింజలు గుప్పెడు తీసి, రోట్లో మెత్తగా నూరి, తేనె కలిపింది.

మధ్యాహ్నం నర్సమ్మ వచ్చేసరికి రోలు అంచున నల్లచుక్క ఉన్న ఎర్ర పొట్టు కనబడింది. సుబ్బమ్మ రుచి చూడకుండా దేన్నీ వడ్డించదు. వేలు ముద్దలో ముంచి నోటి దాకా తెచ్చింది. నర్సమ్మ కేక వేయబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఒక్క అంగలో వెళ్లి ఆ చేతిమీద కొట్టింది.

"మందు చేసిపెడితే కొడతావా?"

నర్సమ్మ భర్త ఓదెలు కొండాపూర్ రాళ్లలో కోసిన తంగేడు పూల మూటతో అప్పుడే వచ్చాడు. రోట్లోకి చూసి మూట వదిలేశాడు.

"అక్కా, నోట్లె పెట్టుకున్నవా?"

"నీ పెండ్లాం పెట్టుకోనియ్యలే."

"బతికినవ్. గది ఇసం. గొంతుకు ఆకు నములుతరు, గింజ గాదు."

"మరి గురిగింజనా అంటే తల ఊపింది గదప్పా."

"మాకు ఆకు గూడ గురిగింజనే, అక్కా."

గురివింద గింజ పెంకు గట్టిది. పొరపాటున గింజను అలాగే మింగినవాళ్లు కొందరు దానివల్లే బతికిపోతారు. నూరితే ఆ అడ్డు ఉండదు.

సుబ్బమ్మ చాలాసేపు సబ్బుతో చేతులు తోముకుంది. ఓదెలు గుంత తీసి, ముద్దతో సహా రోలును పూడ్చేశాడు.

"మా అత్త రోలు అది" అంది సుబ్బమ్మ. "ఉన్నన్నాళ్లూ నన్ను సంపింది. పోయినాక గూడా సూడు."

నర్సమ్మ శబ్దం లేకుండా నవ్వింది. కన్నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఓదెలు కంచె మీది తీగ నుంచి కాసిన్ని ఆకులు తెచ్చాడు. తియ్యగా ఉంటాయి. నర్సమ్మ ఇంకా కావాలని చెయ్యి చాపితే, "ఇగ సాలు, మేక లెక్క నమలకు" అన్నాడు.

ఆకు వల్లో, అంతసేపు నోరు మూసుకున్నందువల్లో, సాయంత్రానికి సగం గొంతు వచ్చింది. బొంగురుగా, మగమనిషి గొంతులా ఉంది. ఆమె మామూలు శ్రుతిని గుడిసెల్లో ఎవరూ అందుకోలేరు. ఈ గొంతు అందరికీ అందింది. తలో జిల్లా ఆడవాళ్లూ ఒక్క పాట పాడారు. సుబ్బమ్మ కూడా చీర కొంగు దోపుకుని వలయంలో దిగింది. ఆమె చప్పట్లు ఎప్పుడూ ఒక అడుగు వెనకే పడ్డాయి. మెస్సులో తినే కంప్యూటర్ కుర్రాళ్లు అన్నం కోసం చాలాసేపు గోడ పక్కన నిలబడ్డారు.

మర్నాడు మెస్సులో పచ్చడి లేదు. పని దిగాక ఇద్దరూ కొత్త రోలు కొనడానికి వెళ్లారు. బేరం నర్సమ్మ ఆడాలని ముందే అనుకున్నారు గానీ సుబ్బమ్మే ఆడాల్సి వచ్చింది. పాటలతో నర్సమ్మ గొంతు మళ్లీ పోయింది.