దొర గుండె నిలబెట్టిన గుర్వయ్య

రామన్నపేట దగ్గరి పల్లెలో మంగలి గుర్వయ్యకు, తనను ఎవరైనా గడ్డం గీసేవాడని అంటే ఒళ్ళు మండేది. "వైద్యం జేస్తననుండ్రి" అని గట్టిగా దిద్దేవాడు. గడ్డాలు గీస్తూనే బెణికిన కీళ్ళు సవరించేవాడు, చెట్ల వేళ్ళూ చెక్కలూ దంచి కషాయాలు కాచేవాడు. వాటన్నిటిలో పేరు తెచ్చింది తెల్లమద్ది చెక్క. ఆ పేరు కూడా ఊరి దొర గుండె పుణ్యమే.

దొరల భూములు పంచుతామంటూ కమ్యూనిస్టుల సంగం ఊళ్ళో జెండా పాతిన నాటినుంచి దొర గుండె లయ తప్పింది. ఎర్రగుడ్డ కనిపిస్తే దడదడలాడేది. తన కోటలాంటి గడి గుమ్మంలో కుక్క మొరిగితే ఒక దెబ్బ ఎగరేసి కొట్టుకునేది. గుర్వయ్య మద్దిచెక్క పాలలో మరగబెట్టి పొద్దూ మాపూ తాగించాడు. గుండె వినలేదు. దొర ఆ చెక్క పొడి మూట కట్టుకుని పట్నం పారిపోయాడు. పోలీసు చర్య జరిగి సంగం వాళ్ళను పట్టడానికి యూనియన్ మిలిట్రీ దిగాక, వాళ్ళ లారీ వెనకే కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది! భయపడి పారిపోయానని ఏ దొర ఒప్పుకుంటాడు? జబ్బు చేసి వెళ్ళాననీ, గుర్వయ్య మందుతోనే నయమైందనీ పదిమందిలో చెప్పి, అతని తలకు జరీ రుమాలు చుట్టించాడు.

అసలు మందు మిలిట్రీ లారీ అని గుర్వయ్యకు తెలియదా? బాగా తెలుసు. తెలిసే రుమాలు సర్దుకున్నాడు. దూరాన ఉన్న కట్టంగూర్ నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని రాసాగారు.

ఇంతలో భార్య సుక్కమ్మ గుండెకు నిజంగానే జబ్బు చేసింది. నాలుగు దెబ్బలు కొట్టి ఒకటి మింగేది, ఆ వెంటనే దౌడు తీసేది. నీళ్ళబిందెతో దారిలోనే కూలబడింది. గుర్వయ్య మళ్ళీ ఆ చెక్కే కాచాడు.

"దొరకు పనిజేసిన మందు నాకెందుకు పనిజేస్తలేదయ్యా? నన్ను నల్గొండ దవాఖానకు తీస్కపో" అంది సుక్కమ్మ.

"నువ్వు పథ్యం సక్కగ జేస్తలేవు, గందుకే."

సొంత పెళ్లాన్నే దవాఖానకు తీసుకెళ్తే రేపు తన గడప ఎవడు తొక్కుతాడు? అదీ అతని బాధ. సిగ్గుమాలిన బాధ.

ఓ పొద్దున సుక్కమ్మ పొయ్యి ముందే ఒరిగిపోయింది. పెదవులు నీలంగా మారాయి, నాడి వేలికి చిక్కడం లేదు.  గుర్వయ్య గడిలో మకాం వేసిన మిలిట్రీ డాక్టరు కోసం పరుగెత్తాడు. డాక్టరు ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. ఆయనకు ఊరి మాటలు చెప్పేది దొరే.

"నీ బాంచన్ దొరా, నా పెండ్లాం సచ్చిపోతాంది! డాక్టరు సారును జర పంపుండ్రి!"

దొర నవ్వాడు. "పిచ్చోడా, నా గుండెనే నిలబెట్టినోనివి. నీ మందుండంగ సూదులెందుకురా?" అని, సుక్కమ్మ సంగతి ఎత్తకుండా, తనను బతికించిన హకీం ఇతనేనని డాక్టరుకు చెప్పాడు. డాక్టరు లేచి గుర్వయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. పుట్టిన తర్వాత అంత మర్యాద ఎరగడు గుర్వయ్య. ఆ మర్యాదకే అతనికి ఏడుపొచ్చింది.

రుమాలు తీసి నేలకు కొట్టాడు. తహసీలు నౌకర్ల గడ్డాలు గీస్తూ నేర్చిన ఉర్దూ అంతా ఒక్కసారి బయటికొచ్చింది. "సాబ్, మేరీ దవా ఝూట్! దొర కో బీమారీ నై, సంగం కా డర్ థా! మేరీ ఔరత్ కో సచ్చీ బీమారీ!" తన మందు అబద్ధమనీ, దొరది జబ్బు కాదు సంగం భయమనీ, నిజం జబ్బు తన పెళ్లాందనీ అరిచాడు.

డాక్టరు మందులపెట్టె అందుకున్నాడు. దొర జీతగాళ్ళు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగారు. దొర మొహం మాడిపోయింది.

"నేను సంగపోళ్ళకు భయపడ్డనంటవా? అయితే నువ్వూ సంగపోనివే!" అని సిపాయిలను కేకేశాడు.

డాక్టరు సూదిమందు వేసి, సుక్కమ్మను లారీలో నల్గొండ దవాఖానకు పంపించాడు. దొర చలవతో అదే లారీలో బేడీలు వేసిన గుర్వయ్య నల్గొండ జైలుకు బయలుదేరాడు.

దారిలో సుక్కమ్మ కళ్ళు తెరిచింది. గుర్వయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"నిన్నెందుకు పట్కపోతున్రయ్యా?"

"నా మందు పనిజెయ్యదని చెప్పిన. గందుకు."

"గంతేనా? గా ముచ్చట నేనెప్పటిసంది చెప్తలేనా? అప్పుడే వింటే ఇంట్లనే అయిపోతుండె గద."