తరుగు తీయని బరువు

ఆ శిక్షణ మొత్తం పన్నెండు వారాలు. వారానికి నాలుగు పూటల చొప్పున నలభై ఎనిమిది పూటలు; అందులో నేను తప్పినవి మూడు. ఒకటి జ్వరం వల్ల, రెండు కరెంటు లేకపోవడం వల్ల. తక్కిన నలభై అయిదు పూటలకూ తేదీ, నిమిషాలు, సగటు వాట్లు, గుండె వేగం నాలుగు గడుల్లో రాసిపెట్టుకున్నాను. అంత జాగ్రత్తగా రాసిన పుస్తకంలో మొదటి పేజీలోని మొదటి అంకే తప్పని ఒక సోమవారం తెలిసింది. ప్రయాణానికి అప్పటికి ఆరు రోజులే ఉన్నాయి.

అనకాపల్లిలో మాది బెల్లం వ్యాపారం. కొట్టు కింద, కాపురం పైన. పై గదిలో కిటికీ పక్కన నా సైకిలు ఉంటుంది. దాని వెనక చక్రం విప్పేసి, గొలుసును ట్రైనర్ అనే యంత్రానికి తగిలించాను. ఎదురుగా బల్ల మీద కంప్యూటర్. అందులోని సాఫ్ట్‌వేర్ తెర మీద దారి చూపిస్తుంది. దారి ఎత్తుకు తిరిగితే యంత్రం పెడళ్ళను బిగిస్తుంది, పల్లానికి దిగితే వదులు చేస్తుంది. ఏ రోజు ఎన్ని నిమిషాలు ఎంత బలంతో తొక్కాలో, ఏ రోజు అసలు తొక్కకూడదో కూడా అదే నిర్ణయిస్తుంది. యాభై ఒకటో ఏట, కారణం అడగకుండా ఒకరి మాట వినడం నాకు దానితోనే మొదలైంది.

ఇదంతా ఒక చోటు కోసం. విశాఖపట్నంలోని ఆడవాళ్ళ సైకిల్ బృందం ఒకటి ఏటా చలికాలంలో అరకు ఘాటు ఎక్కుతుంది. బృందాన్ని నడిపే ఆమె పళ్ళ డాక్టరు. ఒక ఏడాది ఘాటు మధ్యలో ఇద్దరు కూలబడితే అందరూ వెనుదిరగవలసి వచ్చిందట. అప్పటినుంచి ఆమె ఒక నియమం పెట్టారు. సాఫ్ట్‌వేర్‌లోని పన్నెండు కిలోమీటర్ల కొండను గంట లోపు ఎక్కి, ఆ లెక్క పంపినవారికే చోటు. పెళ్ళయిన కొత్తలో నేను ఆ ఘాటును బస్సులో ఎక్కాను, కళ్ళు మూసుకుని, వాంతి ఆపుకుంటూ. ఒక్క మలుపు కూడా చూడలేదు. ఈసారి ప్రతి మలుపునూ లెక్కపెట్టుకుంటూ ఎక్కాలని నా పట్టుదల.

పన్నెండో వారం ఆదివారం ఆ కొండను యాభై ఏడు నిమిషాల ఇరవై సెకన్లలో ఎక్కాను. లెక్క పంపిన గంటకే డాక్టరు గారు చోటు ఖాయం చేశారు. బయలుదేరేది ఆపై ఆదివారం.

మర్నాడు కొట్టులో మా ఆయన కాటా దగ్గర నిలబడి తూకాలు చెబుతున్నారు, నేను చిట్టాలో ఎక్కిస్తున్నాను. తడి ఆరి తగ్గే బరువు కింద నూటికి అయిదు కిలోల తరుగు తీసి చెప్పడం మా కొట్టు పద్ధతి. ఆయన దాన్ని వేరే లెక్క కట్టరు. కంటికి కనబడిన అంకె నోట్లోకి వచ్చేసరికే తగ్గిపోయి వస్తుంది. ఆ రోజు సరుకు తెచ్చినది మునగపాక రైతు, మా ఆయనతో ముప్పయ్యేళ్ళ పరిచయం ఉన్నవాడు. కాటా మీది ఎర్ర అంకెల వైపు వంగి చూశాడు.

"ఇది నూటిరవై సూపిత్తంది. నువ్వు నూటపద్నాలుగు అంతన్నావేటి బావా? నీ నోటికి ఏరే కాటా ఉందేటి?"

అందరూ నవ్వారు, మా ఆయన కూడా నవ్వారు. నా కలం మాత్రం ఆగిపోయింది. పన్నెండు వారాల కిందట సాఫ్ట్‌వేర్ నా బరువు అడిగితే నేను ఎక్కింది ఆ కాటా మీదికే. అంకెలు ఆయన వైపు ఉన్నాయి. ఆయన డెబ్బయ్యారు అన్నారు, నేను డెబ్బయ్యారు రాసుకున్నాను.

రైతు వెళ్ళేదాకా ఆగి అడిగాను. ఆయన కాసేపు తల గోక్కున్నారు.

"తీసేనేమో. అలవాటు కదేటి."

"నేను బెల్లం దిమ్మనా అండీ?"

"దిమ్మయితే గోనె బరువు కూడా తీసేద్దును."

మళ్ళీ కాటా ఎక్కాను. ఈసారి నేనే వంగి చూసుకున్నాను. ఎనభై.

తెర మీది కొండకు మనిషి కనబడదు. మనం ఇచ్చిన బరువును నమ్మి, అంత బరువుకు సరిపడా భారాన్నే కాళ్ళ మీద పెడుతుంది. నాలుగు కిలోల బరువు మోయకుండానే నేను శిఖరం చేరాను. చిట్టా వెనక అట్ట మీద లెక్క వేశాను. సైకిలు ఎనిమిది కిలోలు. అప్పుడు మొత్తం ఎనభై నాలుగు, నిజానికి ఎనభై ఎనిమిది. కొండ ఎక్కేటప్పుడు బరువూ సమయమూ దాదాపు ఒకే పాళ్ళలో పెరుగుతాయి. మూడువేల నాలుగువందల నలభై సెకన్లు మూడువేల ఆరువందల నాలుగు అవుతాయి. అంటే గంటా నాలుగు సెకన్లు.

నాలుగు సెకన్లే కదా అన్నారు మా ఆయన. పంపించేశావు, వాళ్ళు ఒప్పుకున్నారు, ఘాటు దగ్గర నిన్ను ఎవరు తూకం ఏత్తారని అడిగారు.

"ఘాటే వేస్తుందండీ."

డాక్టరు గారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. తరుగు సంగతి విని ఆమె చాలాసేపు నవ్వారు. తరువాత నవ్వు ఆపి, నా వెనక ఇంకొక అమ్మాయి పేరు ఉందనీ, శనివారం సాయంత్రం ఆరు గంటల దాకా ఆ అమ్మాయికి ఏమీ చెప్పననీ అన్నారు. అంటే ఆలోపు నేను అసలు బరువుతో ఆ కొండ మళ్ళీ ఎక్కాలి.

డైరీ మొదటి పేజీలో డెబ్బయ్యారును ఒక్క గీతతో కొట్టేసి, కింది అంకె కనబడేలాగే ఉంచి, పైన ఎనభై రాశాను. సాఫ్ట్‌వేర్‌లోనూ మార్చాను. వెంటనే అది రెండు రోజులు విశ్రాంతి అని చూపించింది. ఆదివారం అంత కష్టపడ్డ కాళ్ళకు అది న్యాయమే. అయినా కోపం ఆగక మంగళవారం తెల్లవారుజామునే కొండ ఎక్కాను. గంటా ఒక నిమిషం ముప్ఫై సెకన్లు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర తొడలు రాళ్ళయ్యాయి. దిగిన తరువాత గోడ పట్టుకుని నడవవలసి వచ్చింది.

ఇప్పుడు విశ్రాంతి మూడు రోజులయింది. ఈసారి మీరలేదు. బుధవారం, గురువారం, శుక్రవారం ఒక్కొక్క గడిలో సున్నా రాశాను. ఆ మూడు సున్నాలు రాయడం ఎంత కష్టమైందో నలభై అయిదు పూటలలో ఏ ఒక్కటీ అంత కష్టం కాలేదు. ఎదురుగా సైకిలు ఉంటే దాని మీద తువ్వాలు కప్పాను.

శనివారం నాలుగున్నరకు కిందికి వెళ్ళి కాటా ఎక్కాను. ఎనభై అని ఆయన చెప్పారు. నేనూ వంగి చూశాను. ఆయనకు కష్టం కలిగిందేమో. కాని నా వెనకే మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు. పన్నెండు వారాలలో నేను తొక్కుతుండగా ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదలు.

మొదటి ఆరు కిలోమీటర్లు నా కోరిక కంటే నెమ్మదిగా, సాఫ్ట్‌వేర్ చెప్పిన బలంతోనే తొక్కాను. సగానికి ముప్ఫై నిమిషాల అయిదు సెకన్లు. ఎనిమిది దాటాక మెల్లగా పెంచాను. పదో కిలోమీటరు దగ్గర చెమట ఆవిరికి కళ్ళద్దాలు మసకబారాయి. తీసి బల్ల మీదికి విసిరాను. అద్దాలు లేకపోతే నాకు తెర ఒక రంగుల మరక. ఎంత దూరం ఉందో, ఎంత సమయం ఉందో తెలియదు. ఆయన స్టూలు మీదినుంచి లేచి తెర దగ్గరికి వచ్చారు.

"ఇంకా నాలుగొందల మీటర్లు. యాభయ్యేడు నిమిషాల యాభై."

నా ఊపిరిలో మాటకు చోటు లేదు. అయినా అడిగాను.

"తరుగు తీసి చెప్తున్నారా?"

"లేదు. ఉన్నదున్నట్టే సెప్తన్నాను. తొక్కు."

సీటు మీదినుంచి లేచి నిలబడ్డాను. మూడొందలు అన్నారు, రెండొందలు అన్నారు, యాభై తొమ్మిది దాటిందన్నారు. ఆయన గొంతు కొట్టులో తూకం చెప్పే గొంతే, ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆ గొంతు వెంటే తొక్కాను. పెడళ్ళు ఒక్కసారిగా వదులైనప్పుడు శిఖరం దాటానని కాళ్ళకు తెలిసింది.

"యాభై తొమ్మిది, యాభై రెండు," అన్నారు ఆయన.

దిగి, డైరీ తెరిచి, సమయం గడిలో ఆ అంకె రాశాను. అంకెలు వంకరగా పడ్డాయి. లెక్క డాక్టరు గారికి పంపింది తరువాత, పాత లెక్కను తీసివేసింది ఆ తరువాత. కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నది అన్నిటికంటే చివర.