గేరు మారేచోట

అన్నయ్య పోయాక అతని పికప్పు నా చేతికొచ్చింది. పత్రికలో ఉద్యోగం ముగించుకుని నేను అప్పుడే ఊరు చేరాను. వదినకు బండి నడపడం రాదు. కల్లంలో మిరపకాయలు ఎండిపోతున్నాయి, వాటిని గుంటూరు మిర్చి యార్డుకు చేర్చాలి. నడపడానికి ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను.

అంతకుముందు అన్నయ్య చాలాకాలం వేరే పికప్పు నడిపాడు. దాని డీజిల్ ఇంజను చిన్నది. బరువు వేస్తే నెమ్మది మీద లాగేది కాదు. గట్టిగా అరిపించి, సాగర్ కాలువ వంతెన ఎక్కేలోపు గేరు మార్చి, మళ్లీ మార్చాలి. క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయిందని డాక్టరు చెప్పాక, క్లచ్చు లేని ఈ ఆటోమేటిక్ బండిని ఎవరో వాడినదే కొన్నాడు. దీని ఇంజను పెద్దది, టర్బోది. ఎంత బరువున్నా గొంతు పెంచకుండా లాగుతుంది.

బండి మారింది గానీ మనిషి మారలేదు. గేరు మారబోతోందని చెవికి తెలియగానే, పాత అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ మీంచి కాలెత్తేవాడు. "బండికి ఊపిరియ్యాలి" అనేవాడు. పక్క సీట్లోంచి వదిన నవ్వేది. "క్లచ్చే లేదంటిరిగా. ఇంక మీ ఊపిరి ఎవరిక్కావాలంట?"

నేను నడిపిన మొదటిరోజే ఆ ఎత్తిన కాలు ఎక్కడికీ పోలేదని తెలిసింది. నేను నిలకడగా తొక్కుతూ పోతుంటే, రెండు నుంచి మూడుకు మారేచోట బండి ఒక్క క్షణం ఆగేది, ఎవరికోసమో చూసినట్టు. ఇంజను ఉత్తినే పైకి అరిచేది. ఆ తర్వాత వెనకనుంచి ఎవరో గుద్దినట్టు ధబ్బుమని గేరు పడేది. పెడల్ రబ్బరు ఒక అంచునే అరిగి చిన్న గుంట పడింది. నా పాదం ఎటు తిప్పి పెట్టినా అందులో ఇమిడేది కాదు. పట్టపగలు, తలుపు సందుల్లోంచి మిరప ఘాటు కొడుతుండగా, నా కాలి పక్కన ఇంకో కాలు ఉందనిపించేది. ధబ్బుమన్న ప్రతిసారీ వదిన వెనక్కి తూలి, సర్దుకుని, అద్దంలోంచి బయటికి చూసేది.

చిలకలూరిపేటలో హైవే పక్కన షెడ్డున్న, అన్నయ్యకు తెలిసిన మెకానిక్ ముందు ఆయిలు మార్చాడు. తగ్గలేదు. రెండోసారి వెళ్లినప్పుడు ఏదో పరికరం తగిలించి చూసి అన్నాడు:

"ఈ గేర్‌బాక్సు నడిపేవాళ్ల కాలు నేర్చుకుంటదండి. పెద్దాయన గేరు పడేటప్పుడల్లా కాలెత్తాడు. అది అట్టాగే నేర్చుకుంది. మీరు ఎత్తట్లేదు. ఇది ఇంకా ఎత్తుతారేమోనని చూస్తా ఉంది."

"ఎవరు ఎత్తుతారని?" అంది వదిన.

అతను పరికరం వైపు తిరిగాడు. "పెద్దాయనేనమ్మా. నేర్చుకుందంతా చెరిపేస్తే మళ్లీ కొత్తగా నేర్చుకుంటది. ఇట్టాగే వదిలేస్తే లోపల ప్లేట్లు కాలిపోతయ్. అప్పుడిక బండి షెడ్డుకే."

వదిన నావైపు చూసింది. "ఇన్నేళ్లు పేపర్లో ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దావుగా మరిదీ. నీ కాలు నువ్వు దిద్దుకోలేవా? అది చెరపకుండా?"

ప్రయత్నించాను. ఒకసారి ముందే ఎత్తేవాణ్ణి, ఒకసారి ఆలస్యంగా. అన్నయ్య చెవితో ఎత్తేవాడు. నాకు ఆ చెవి లేదు. ఒకరోజు మిరపకాయలు కుక్కిన టిక్కీ గోతాలు నిండుగా వేసుకుని వంతెన ఎక్కుతుంటే గేరు అసలు పడలేదు. ఇంజను అరుస్తోంది, బండి వెనక్కి జారుతోంది, వెనక పత్తి లారీవాడు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు. "ఏవయ్యోవ్, నిద్రపోయావా?" అని అరుస్తున్నాడు. ఎలాగో ఎక్కించాను. మిరప ఘాటును మించి కాలిన వాసన వచ్చింది. వదిన టిక్కీల వైపు ఓసారి తిరిగి చూసి, "పోనీ, చెరిపించెయ్" అంది.

మెకానిక్ చెరుపుతున్నంతసేపూ వదిన బండి దిగలేదు. తన సీట్లోనే కూర్చుని గేరు కడ్డీ మీద చెయ్యి వేసి ఉంచింది.

"అయిపోయిందమ్మా" అన్నాడు మెకానిక్.

"అంతేనా?"

"అంతేనమ్మా."

తిరిగి వస్తుంటే బండి వెన్నలా పోయింది. గేరు ఎప్పుడు మారిందో తెలియలేదు. కాలి పక్కన ఏమీ లేదు. అంత హాయిగా నడిచే బండిలో కూర్చోవడం నాకు కష్టంగా ఉంది. రోడ్డు పక్క తుమ్మముళ్లకు లారీల మీంచి చిక్కుకున్న పత్తి ఎండలో మెరుస్తోంది. కాలువ వంతెన వచ్చింది. ఇంజను శబ్దం పెరుగుతోంది.

"ఊపిరియ్యి" అంది వదిన.

నా కాలు దానంతటదే లేచింది. సరిగ్గా అక్కడే గేరు పడింది. వంతెన దిగాక, నాకు ఏమీ వినపడకముందే మళ్లీ అంది. ఇన్నేళ్లు పక్కసీట్లో కూర్చున్న మనిషికి ఆ చెవి ఉందని నాకు తట్టనేలేదు.

"వదినా, ఇట్టా ఎత్తితే మళ్లీ పాతదే నేర్చుకుంటది."

"నేర్చుకోనీ" అంది, కొంగుతో ముందద్దం మీద దుమ్ము తుడుస్తూ. "రోజూ నేను చెప్తాగా. నువ్వు మాత్రం మర్చిపోమాక."