మా చెల్లి సీటు కోసం నేను చేసిన ఎంక్వైరీ

మా నాన్న కొట్టుని తాకట్టు దాకా తీసుకెళ్ళిన నా తెలివితేటల గురించి చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తాడేపల్లిగూడెంలో మా నాన్నది ఉల్లిపాయల కొట్టు. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. మా చెల్లి లహరి ఇంటర్ అవగానే బయోమెడికల్ ఇంజనీరింగే చదువుతానని పట్టుబట్టింది. ఆస్పత్రి మెషీన్లకి వైద్యం చేసే చదువన్నమాట. ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది గాని దూరం. దగ్గర్లోని ప్రైవేటు కాలేజీలో చేర్చాలంటే కొట్టు తాకట్టు పెట్టి అప్పు తేవాలి.

"తెస్తాం సరే, రేపు దానికొచ్చే జీతంతో తీరుతుందా అమ్మా?" అన్నారు నాన్న.

"ఆ చదువు చదివినవాళ్ళనే అడిగేద్దాం నాన్నా" అన్నాను, పెద్ద ఆరిందాలా.

నాన్న దగ్గర సరుకు కొనే ఏలూరు వ్యాపారి ఒకాయన సుధీర్ అనే కుర్రాడి నంబరు ఇచ్చారు. అక్కడి ఒక ఆస్పత్రిలో బయోమెడికల్ ఇంజనీరట. వెంటనే ఫోన్ చేశాను.

"మా నాన్నగారూ నేనూ వచ్చి మిమ్మల్ని కలుద్దామనుకుంటున్నామండీ. మీ జీతం, అప్పులు అన్నీ వివరంగా తెలుసుకోవాలి. జీవితానికి సంబంధించిన విషయం కదండీ."

"తప్పకుండా రండి" అన్నాడు మెల్లగా.

నేను చెప్పిన దాంట్లో చెల్లి అన్న మాట గాని, చదువు అన్న మాట గాని మీకు ఎక్కడైనా కనబడిందా? చెప్పానన్న నమ్మకంతోనే నేను బస్సెక్కాను.

ఆస్పత్రి క్యాంటీన్‌లో సుధీర్ ఇస్త్రీ చొక్కాతో, మొహం నిండా పౌడరుతో ఎదురొచ్చాడు. మెషీన్లు బాగుచేసే మనిషికి ఇంత పౌడరెందుకా అనిపించింది. అనిపించి ఊరుకుంది.

"జీతం ఎంతొస్తుంది బాబూ?" అన్నారు నాన్న.

"అరవై వేలండీ."

"చదువుకి అప్పు చేశారా?" అన్నాను.

"చేశానండీ. ఏడాదిలో తీర్చేశాను."

"వేళ కాని వేళ పిలుస్తారా?"

"అబ్బే, ఆరింటికల్లా ఇంట్లో ఉంటానండీ" అంటూ, 'డయాలసిస్ వార్డు' అని పేరు చూపిస్తూ మోగుతున్న ఫోన్‌ని మళ్ళీ కట్ చేశాడు.

"ఇక్కడే స్థిరపడొచ్చా, హైదరాబాద్ వెళ్ళాలా?"

"మీరెలా అంటే అలాగేనండీ."

ఎంత వినయమో అనుకున్నాను. కాస్సేపటికి ఆయనే అడిగాడు. "మీరు ఉద్యోగం మానేస్తారాండీ?"

"నేనెందుకు మానేస్తానండీ?"

"మంచిదండీ. మా అమ్మకీ అభ్యంతరం ఉండదు."

నా ఉద్యోగంతో వాళ్ళమ్మగారికేం పనో అర్థం కాలేదు. దారి పొడవునా నాన్నకి వడ్డీ లెక్కలు చెప్పుకుంటూ వచ్చాను. అరవై వేలతో అన్నీ చక్కగా తేలాయి. నాన్న తాకట్టు కాగితాలు రాయించడానికి సిద్ధపడ్డారు.

ఆ ఆదివారం మా కొట్టు ముందు ఆటో ఆగింది. సుధీర్, ఆయన వెనక ఒక పెద్దావిడ దిగారు. ఆవిడ చేతిలో కొల్లేరు కొర్రమీనుల బుట్ట.

"ఉల్లిపాయలు కావాలాండీ?" అన్నారు నాన్న.

"అమ్మాయిని చూద్దామని వచ్చామండీ. నేను సుధీర్ వాళ్ళమ్మని."

ఆ చదువు చదవబోయే అమ్మాయిని అనుకుని నాన్న సంబరంగా లహరిని పిలిచారు. ఆవిడ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి కొడుకు వైపు తిరిగింది. "ఇద్దరున్నారేంట్రా?"

లహరికి మొహమాటం లేదు. "ఆంటీ, నేనూ ఈ కోర్సులోనే చేరుతున్నాను. ఈయనకి నిజంగా అరవై వేలొస్తాయా?"

"అరవయ్యా? ఎవరన్నారమ్మా? పాతిక. అందులో చదువు అప్పుకి బ్యాంకు వాళ్ళు పట్టుకోగా మిగిలింది ఇంటికి తెస్తాడు."

నాన్న నా వైపు చూశారు. నేను సుధీర్ వైపు చూశాను. ఆయన ఉల్లిపాయల బస్తాల వైపు చూశాడు.

"పెళ్ళిచూపులనుకున్నానండీ" అన్నాడు నీరసంగా. "చూపుల్లో ఎవరైనా ఉన్నదున్నట్టు చెబుతారాండీ?"

తర్వాత బస్తా మీద కూర్చుని నిజం చెప్పాడు. ఏ కాలేజీలో చదివినా ఆస్పత్రుల్లో మొదటి జీతం ఇంచుమించు ఒకటేనట. అనుభవం వచ్చి, మెషీన్లు తయారుచేసే కంపెనీల్లో చేరితే పెరుగుతుందట. "పని బాగుంటుందండీ. అప్పే, నాలాగా ఎక్కువ చెయ్యకండి" అన్నాడు.

లహరి దూరమైనా ప్రభుత్వ కాలేజీలోనే చేరింది. కొట్టు మాకే మిగిలింది.

ఇంతటితో ఆగితే బాగుండేది. ఆ ఆదివారమే వాళ్ళు తిరిగి ఆటో ఎక్కబోతూ ఉండగా ఆవిడ ఆగి, నన్ను ఎగాదిగా చూసి అడిగింది. "నీ జీతం ఎంతమ్మా?"

"నలభై వేలండీ" అన్నాను.

ఆ బడి వాళ్ళు నాకిచ్చేది పద్నాలుగు. నాన్న చేతిలోని తక్కెడ కింద పడింది.

అందుకే పాఠకులారా, చేతిలో ఉల్లిపాయ పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి జీతమూ అడగను. ఎవరైనా నన్నడిగితే, వాళ్ళకి పెళ్ళి కావలసిన కొడుకు ఉన్నాడో లేడో ముందు కనుక్కుంటాను.