పక్కవాడి పిట్ట

పొద్దున్నే నోరు తెరవడానికి ముందు జుల్మా వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొడుతుంది. ఆ చప్పుడు చెవుల కోసం కాదు, మోచేతుల కోసం. బల్లకు ఆనుకుని రొట్టెకు వెన్న రాసుకుంటున్న ఓడిలోన్‌కు ఆ అదురు తెలుస్తుంది, తలెత్తి చూస్తాడు. వాన వచ్చేలా ఉందనో, జున్ను అయిపోయిందనో ఆమె అప్పుడు చెబుతుంది. ఈ అలవాటు ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. పెళ్లయి చాలా ఏళ్లయిన ఇళ్లలోకి ఇలాంటివి ఊరపిల్లుల్లా చెప్పాపెట్టకుండా వచ్చి చేరతాయి. దాని గురించి వాళ్లు ఏనాడూ మాట్లాడుకోలేదు.

బెల్జియంలోని బ్రూక్‌మీర్‌లో సరస్సు గట్టు మీద వాళ్ల ఇల్లు. మెట్లు దిగితే రేవు, రేవుకు కట్టిన తెడ్ల పడవలు. ఎండ కాసిందంటే ఆదివారాలు గెంట్ నుంచీ బ్రసెల్స్ నుంచీ జనం దిగుతారు. పడవెక్కి ఒక చుట్టు తిరిగి, గట్టు మీది హోటళ్లలో ఆకుకూరల పులుసులో ఉడికించిన పాముచేప తిని, ఇక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉందో ఒకళ్లకొకళ్లు గట్టిగా చెప్పుకుని వెళ్లిపోతారు. పడవల పని జుల్మాది. తండ్రి నుంచి ఆమెకు వచ్చింది. ఓడిలోన్ వడ్రంగి. నడుం నొప్పితో పని మానేశాక అతనికి మిగిలింది పిట్ట ఒక్కటే.

పిట్టంటే ఫించ్, పిచ్చుకంత ఉండే పాటపిట్ట. వసంతం నుంచి నడివేసవి దాకా ప్రతి ఆదివారం ఉదయం గట్టు రోడ్డు మీద ఈ పిట్టల పోటీ జరుగుతుంది. మూతవేసిన చిన్న చెక్కపెట్టెల్లో పిట్టలను వరసగా పెడతారు. గంటసేపట్లో ఏది ఎక్కువసార్లు పూర్తిగా పాడితే అది గెలిచినట్టు. పూర్తిగా అంటే, ముందు గలగలమని, చివర ‘సుస్కెవీత్’ అంటూ తోక విదిలించినట్టు ముగించాలి. మధ్యలో మింగేస్తే లెక్కలోకి రాదు. ముగింపు ఇంకోలా పలికితే, పిట్ట ఫ్రెంచిలో పాడుతోందనీ ఫ్రెంచి మాట్లాడే దక్షిణాది నుంచి కొనుక్కొచ్చారా అనీ వరసంతా నవ్వుతుంది. ఎవరి పిట్ట ముందు వాళ్లు కూర్చోవడం ఇక్కడ లేదు. పక్కవాడి పిట్ట ముందు కూర్చుంటారు. అది పూర్తిగా పాడినప్పుడల్లా చేతిలోని పొడవాటి బద్ద మీద సుద్దతో ఒక గీత గీస్తారు. నీ పిట్ట ఎంత బాగా పాడినా, గెలుపు మాత్రం పక్కవాడి చెవిలో ఉంటుంది. గెలిచినవాడికి ఒక పూలగుత్తి. ఆ పూలగుత్తి కోసం ఈ ఊళ్లో అన్నదమ్ములు మాటలు మానుకున్న సందర్భాలున్నాయి.

ఆ గంటసేపూ జుల్మా పడవలు విప్పదు. తెడ్డు చప్పుడుకు పిట్టలు బెదురుతాయి.

ఆ మే నెల ఆదివారం ఆంట్‌వెర్ప్ నుంచి ఒక జంట త్వరగా వచ్చేసింది. పడవ ఇప్పుడే ఎందుకివ్వరని ఆవిడ గొంతు పెంచబోతే, జుల్మా పెదవుల మీద వేలు పెట్టుకుని, వాళ్లను పిల్లల్లా నడిపించుకెళ్లి వరస వెనకాల బెంచీ మీద కూర్చోబెట్టింది. వాళ్లను కనిపెట్టుకుని తనూ అక్కడే నిలబడింది. ఎదురుగా ఓడిలోన్ వీపు. అతని ముందు ఫిర్మిన్ పిట్ట.

ఫిర్మిన్ పక్కింటివాడు, ఓడిలోన్‌తో బడికెళ్లినవాడు. భార్య పోయి రెండు చలికాలాలు దాటాయి. అప్పట్నుంచి సాయంత్రం కాఫీ జుల్మా వంటింట్లోనే. అతని పిట్ట ఎప్పుడూ మధ్యరకమే, పూల దాకా వెళ్లింది లేదు.

జుల్మా ఈ పాటల మధ్య పుట్టింది. బంగాళాదుంపలు చెక్కుతూ కూడా ఏది పూర్తయిందో ఏది కాలేదో చెప్పగలదు. ఫిర్మిన్ పిట్ట గలగలమంది, చివర మింగేసింది. ఓడిలోన్ గీత గీశాడు. పొరపాటున చెయ్యి జారిందేమో అనుకుంది. ఈసారి పూర్తిగా పాడింది. గీత. మళ్లీ సగంలో ఆగింది. గీత. అతని మొహం ఓ పక్క నుంచి కనిపిస్తోంది. చిన్న చిరునవ్వుతో, అన్నీ వింటున్నవాడి మొహంలాగే ప్రశాంతంగా ఉంది. జుల్మాకు అప్పుడు అర్థమైంది. తలుపు కొట్టినా ఫోను మోగినా అతనికి వినబడదని ఆమెకు తెలుసు. పిట్ట సంగతి మాత్రం ఏనాడూ తట్టలేదు. మొదటి గలగల మోటు చప్పుడు, అది అందుతోంది. చివరి సన్నటి తోక అందడం లేదు. అది వచ్చే ఉంటుందిలే అని నమ్మి గీసేస్తున్నాడు.

ఆమె ఒక్కతే కాదు, పిట్టల సంఘం పెద్ద మార్నిక్స్ కూడా వరస వెనకాల తిరుగుతూ అక్కడే ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

గంట ముగిసేసరికి ఫిర్మిన్ పిట్ట అందరికన్నా ఎంతో ముందుంది. పూలు తీసుకోవడానికి అతను టోపీ తీసి ముందుకొచ్చాడు. మార్నిక్స్ పూలు ఇవ్వలేదు.

“ఓడిలోన్, ఆ పిట్ట పాడింది సగం, నువ్వు గీసింది మొత్తం” అన్నాడు.

“ఫిర్మిన్‌కి పూలు కావాలంటే నీ తోటలో కోసి ఇవ్వొచ్చుగా” అని వరసలోంచి ఎవరో అన్నారు.

అందరూ నవ్వారు. ఆఖర్న ఓడిలోన్ కూడా నవ్వాడు. మాట వినబడక, మొహాలు చూసి నవ్వాడని జుల్మాకు ఒక్కదానికే తెలుసు. మిగతావాళ్లకు అది సిగ్గులేని నవ్వులా కనిపించింది. ఫిర్మిన్ టోపీ పెట్టుకుని, ఎవర్నీ చూడకుండా తన పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. పోటీ అయిపోయినట్టేనా, ఇక పడవ ఇస్తారా అని ఆంట్‌వెర్ప్ ఆవిడ గుసగుసగా అడిగింది. జుల్మా తెడ్లు ఇచ్చింది.

దొంగగీతలు గీసినవాడిని ఆ ఏడాదికి వరసలో కూర్చోనివ్వరు. అది పాత కట్టుబాటు. వచ్చే ఆదివారం పోటీకి ముందు తేలుస్తామని మార్నిక్స్ చెప్పి వెళ్లాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మార్నిక్స్ అన్నదంతా చెప్పి, జుల్మా విషయం నేరుగా అడిగింది. చెవులు పోయాయని చెప్పేస్తే సరిపోతుంది కదా, నువ్వు చెప్పలేకపోతే నేను వెళ్లి చెబుతానంది. అతను రొట్టెతో పళ్లెం అంచు తుడిచాడు.

“దొంగంటే ఒక ఏడాది కూర్చోనివ్వరు. చెవిటాడంటే ఇక ఎప్పటికీ కూర్చోనివ్వరు. నువ్వు చెప్పకు” అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నాక నిద్రపట్టలేదు.

ఫిర్మిన్ సాయంత్రం కాఫీకి రావడం మానేశాడు. మూడో కప్పు అలవాటుగా బయటకు తీయడం, మళ్లీ లోపల పెట్టడం జుల్మా వంతైంది. బుధవారం రొట్టెల కొట్లో ఎదురుపడితే, అతను పక్కకు తప్పుకుని దారిచ్చాడు, ఎవరో పరాయివాళ్లకు ఇచ్చినట్టు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“నా మీద జాలిపడమని మీ ఆయన్ని నేనడిగానా? పిట్ట ఓడితే ఓడనీ. ఆ పూలు పట్టుకెళ్లి ఇవ్వడానికి నా ఇంట్లో మనిషి కూడా లేదే జుల్మా” అన్నాడు ఫిర్మిన్.

నాలుక చివరిదాకా వచ్చిన నిజాన్ని ఆమె మింగేసింది. మాటిచ్చింది కదా. కానీ ఇంటికి నడుస్తూ ఒకటి అనుకుంది. చెప్పనని మొగుడికి మాటిచ్చింది గానీ, మొగుడికి చూపించనని ఎవరికీ మాటివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఓడిలోన్ సొంత పిట్ట పెట్టెను వంటింటి కిటికీలో పెట్టింది. షెడ్డులోంచి రెండు బద్దలు తెచ్చి, ఒకటి అతని చేతికిచ్చి, రెండోది తను పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఎందుకని అతను అడగలేదు. సుద్దముక్క తీసుకున్నాడు. కిటికీ అవతల బాతులు నీళ్ల మీద పోట్లాడుకుంటున్నాయి, ఇవతల పిట్ట పాడుతోంది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఆమె లేవలేదు.

పిట్ట అలసి ఆగిపోయాక రెండు బద్దలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. లెక్కపెట్టే పని లేదు. అతనిది చివరిదాకా నిండిపోయింది. ఆమెది సగంలో ఆగి, మిగతాదంతా ఖాళీ చెక్క. ఓడిలోన్ ఆ ఖాళీ చెక్క మీద బొటనవేలు నెమ్మదిగా రాశాడు, రంపం పట్టే ముందు పలక నునుపు చూసినట్టు.

“ఎప్పట్నుంచి ఇలా?”

“నాకేం తెలుసు? నేను పడవల దగ్గర ఉంటాను కదా.”

“పోయినేడు ఎవరెవరికి పూలు ఇప్పించానో, ఎవరివి పోగొట్టానో” అన్నాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా షెడ్డులోనే ఉన్నాడు. అక్కడ ఏ పనీ లేదని ఆమెకు తెలుసు.

ఆదివారం వచ్చింది. గట్టు మీద పెట్టెలు సర్దుతున్నారు. ఫిర్మిన్ దూరంగా చివర నిలబడ్డాడు. మార్నిక్స్ గొంతు సవరించుకునేలోపే ఓడిలోన్ అతని ముందుకెళ్లాడు. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆ మాట సరస్సు అవతలి ఒడ్డు హోటళ్లదాకా వెళ్లి ఉంటుంది.

“మార్నిక్స్, అది దొంగతనం కాదు. చెవుడు. తోక వినబడటం లేదు నాకు. ఫిర్మిన్‌కి ఏమీ తెలియదు.”

ఎవరూ నవ్వలేదు. మార్నిక్స్ నేలచూపులు చూశాడు. వరసలో సగం మంది ఓడిలోన్ వయసు వాళ్లే. ఒకరిద్దరు తెలియకుండానే చెవి తడుముకున్నారు.

ఓడిలోన్ వెనక్కి తిరిగి తన బద్దనూ సుద్దనూ జుల్మా చేతుల్లో పెట్టాడు. ఇది ముందు అనుకున్నది కాదు. ఆమె కంగారుపడింది.

“మరి పడవలు?”

“నీ పడవలకి చెవులక్కర్లేదు. నేను చూసుకుంటా.”

ఆడవాళ్లు కూర్చోకూడదని సంఘం కట్టుబాట్లలో ఎక్కడా లేదని, కూర్చోవచ్చనీ లేదని మార్నిక్స్ అన్నాడు. ఈ సంగతి తన ఇంట్లో ఆవిడకు తెలియనివ్వొద్దని ఎవరో బతిమాలారు. అప్పుడు నవ్వారు అందరూ. ఫిర్మిన్ చివర నుంచి నడుచుకుంటూ వచ్చి, ఓడిలోన్ చెవి దగ్గర నోరు పెట్టి, అందరికీ వినబడేలా అన్నాడు.

“అయితే ఇన్నేళ్లూ నా మాటలేవీ వినలేదన్నమాట. అదృష్టవంతుడివిరా.”

“ఏంటీ?” అన్నాడు ఓడిలోన్.

జుల్మా కూర్చుంది. అదే చోటు, ఫిర్మిన్ పిట్ట ముందు. పిట్ట గలగలమంది, చివర మింగేసింది. వరసలో పక్క నుంచి ఫిర్మిన్ చూపు తన చేతి మీద ఉందని ఆమెకు తెలుస్తూనే ఉంది. సుద్ద బద్దకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. గీయలేదు. ఫిర్మిన్ తన ముందున్న పెట్టె వైపు తిరిగాడు. ఆ సాయంత్రం కాఫీకి వచ్చి, చక్కెర తక్కువైందని వంకపెట్టాడు.

ఇప్పుడు జుల్మా సంఘంలో సభ్యురాలు. వంతు వచ్చినప్పుడల్లా ఫిర్మిన్ పిట్ట ముందు ఆమే కూర్చుంటుంది. ఆ పిట్ట ఇంతవరకూ ఒక్కసారీ గెలవలేదు.